గవ్వ లేచిందా, దిగిందా

మా తమ్ముడు పుట్టిన ఏడాది, నా చిన్నప్పుడు, మా అమ్మకు పోయినవన్నీ నేను వేళ్ల మీద లెక్కేసేదాన్ని. నీళ్ల బిందె ఎత్తే బలం పోయింది. పక్కకు ఒరగకుండా చాప మీంచి లేవడం పోయింది. పొట్ట పట్టుకోకుండా నవ్వడం పోయింది. ఉయ్యాల్లోంచి పిల్లాణ్ణి తనే తీసుకోవడం కూడా పోయాక, మా నాయనమ్మ ఒక మాట తేల్చేసింది. తమ్ముడికి సూది వేయించడానికి నీళ్లకు అవతలి ఒడ్డున ఉన్న చాతం వెళ్లే రోజున అమ్మ వాణ్ణి తన చేతులతో బోటెక్కిస్తే సరే. లేదంటే తల్లీబిడ్డలిద్దరూ తర్వాత వచ్చే ఓడలో విశాఖ మీదుగా అమ్మ పుట్టింటికి. నాకు బడి ఉంది కాబట్టి నేను మా దీవిలో, బాంబూఫ్లాట్‌లోనే ఉండాలి.

నాన్న చేపల వేటకు పోయి దూరపు దీవుల్లో ఉన్నాడు. నాయనమ్మ రోజూ పాత చీరతో అమ్మ నడుము బిగించేది. బాలింతలకు మావాళ్లందరూ అలాగే కడతారు. అమ్మ ఊపిరి బిగపట్టి లేవబోయి, కళ్లు తిరిగి కూలబడేది. కూలబడినప్పుడల్లా నాయనమ్మ ఇంకో చుట్టు బిగించేది.

వరండాలో వల అల్లుకునే తాతయ్య ఇదంతా వింటూనే ఉన్నాడు. వయసులో ఉండగా ఆయన గవ్వల కోసం సముద్రంలో మునిగేవాడు. కానీ కోడలితో నేరుగా మాట్లాడడు, ఆమె ఆయన ముందుకు రాదు. అందుకని ఒకరోజు నా చేతిలో ఒక పెద్ద గవ్వ పెట్టి, గది పరదా అవతలికి పంపి, తాను వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

కట్టు వదులు చెయ్యమన్నాడు. అమ్మను వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవమన్నాడు. గవ్వ బొడ్డు మీద పెట్టాలి. గాలి పీలిస్తే అది లేవాలి. నోటితో మెల్లగా వదులుతుంటే కడుపు లోపలికి పోయి దిగాలి. లేచిందో దిగిందో నేను అరిచి చెప్పాలి.

"సముద్రంలో మునిగినోడికి బాలింత సంగతేటి తెలుస్తాది?" అంది నాయనమ్మ.

"గవ్వల మూట పడవలోకి లాగినప్పుడు ఊపిరి బిగబట్టినోడి పేగే జారింది," అన్నాడు తాతయ్య అటు తిరిగే. "నాది జారనేదు."

రోజుకు పది ఊపిరులు. మొదట్లో అమ్మ రొమ్ము ఎగిసేది గాని గవ్వ కదిలేది కాదు. కదల్లేదనే చెప్పేదాన్ని. ఓడకు టికెట్లు ఇస్తున్నారని తెలిసిన వారం గవ్వ వణికింది. తర్వాత లేచింది.

సూది రోజు పొద్దున, పదోది పీల్చకముందే తమ్ముడు ఏడ్చాడు. అమ్మ లేచిపోయింది. ఒకటి బాకీ అన్నాడు తాతయ్య వరండాలోంచి.

జెట్టీ దగ్గర బోటు అలలకు దగ్గరికొస్తూ వెనక్కి జరుగుతోంది. మధ్యలో నల్లటి నీళ్లు. నాయనమ్మ ముందే ఎక్కి చేతులు చాచింది. అమ్మ తమ్ముణ్ణి హత్తుకుని అంచున ఆగిపోయింది.

"జల్దీ దీదీ, జల్దీ," తొందరపెట్టాడు బోటు మనిషి.

అమ్మ భుజాలు పైకి లేచాయి, పెదాలు బిగుసుకున్నాయి. ఊపిరి బిగబట్టిందని నాకు తెలిసింది. నేను అరవబోయాను.

"గాలి ఒగ్గు, అమ్మా," అన్నాడు సాగనంపడానికి వెనకే వచ్చిన తాతయ్య. "ఒగ్గి అడుగెయ్యి."

కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. అమ్మ తల తిప్పలేదు. నోటిలోంచి గాలి మెల్లగా పోయింది, భుజాలు దిగాయి, అడుగు బోటులో పడింది. నాయనమ్మ చాచిన చేతులు అమ్మ మోచేతిని పట్టుకున్నాయి గాని పిల్లాణ్ణి తీసుకోలేదు.

టికెట్లు ఎవరూ కొనలేదు. బాకీ ఊపిరి బోటు దగ్గర తీర్చేశానని అమ్మ నాతో చెప్పి పంపితే, నిలబడి ఒగ్గింది లెక్కలోకి రాదని తాతయ్య నవ్వాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. పద్దుల లెక్కలు నా అంతట నేను నేర్చుకుని, కాంట్రాక్టర్ల దగ్గర కూడికలు చేసి బతుకుతున్నాను. బరువెత్తే ముందు, భయపడి ఏ అంచునైనా ఆగినప్పుడు, మొదట గాలి ఒగ్గుతాను. ఇన్నేళ్లుగా ఎన్ని ఒగ్గినా, తాతయ్య లెక్క ప్రకారం ఇంకా ఒకటి బాకీ.