పిడికెడు బియ్యం

కోపమొస్తే పుణ్యవతి గొంతు పెరగదు, తగ్గుతుంది. బాచుపల్లి బాప్తిస్టు చర్చిలో ఈ సంగతి అందరికీ తెలుసు, ఒక్క కార్యదర్శి విజయరత్నానికి తప్ప. ఆయన హైటెక్ సిటీలో పెద్ద మేనేజరు. ఆమె అక్కడే ఇంకో కంపెనీలో హౌస్‌కీపింగ్ చేస్తుంది.

ఆ ఆదివారం సాయంత్రం చర్చిలో, హాస్టల్ పిల్లలకు అన్నం పెట్టే విద్యార్థి పరిచర్య వార్షికోత్సవం. కమిటీ ఉపవాస ప్రార్థనలో ఉండగా దేవుడిచ్చిన దర్శనమే ఈ పరిచర్యకు మూలమని విజయరత్నం మైకులో చెప్పాడు. పచ్చి అబద్ధం. ఉపవాసం మాట నిజమే, కాకపోతే ఉన్నది కమిటీ కాదు, హాస్టల్ పిల్లలు.

ఆ చర్చి ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవుడికని పక్కన పెట్టి, ఆదివారం చర్చి డబ్బాలో పోస్తారు. వెనక వీధి ఇంజనీరింగ్ హాస్టల్లో ఆదివారం సాయంత్రం మెస్ ఉండదు. కొన్నేళ్ల కిందట ఆ హాస్టల్ పిల్ల ఒకతె ఆకలికి చర్చి మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. పుణ్యవతి డబ్బాలో పొయ్యబోయిన బియ్యం ఇంటికి తీసుకెళ్లి వండి పెట్టింది. దేవుడి బియ్యం ముట్టుకుందని పెద్దలు నానా మాటలన్నారు. ఆమె మానలేదు. పిల్లలు రావడం మొదలైంది, భోజనం చర్చికి మారింది. తిన్నాక పాడేవాళ్లు పాడారు, కష్టం చెప్పుకునేవాళ్లు చెప్పుకున్నారు. మీది ఏ దేవుడని ఆమె ఎవరినీ అడగలేదు. పరిచర్య అంటే ఇంతే.

"ఇవాళ్టి నుంచి భోజనం బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లకేనండి," అన్నాడు విజయరత్నం. "పరిచర్యకంటూ ఒక ఉద్దేశం ఉండాలి కదండీ."

ప్లేటు పట్టుకుని వరసలో ముందు నిలబడ్డ హాస్టల్ పిల్ల ప్రవళిక ఆగిపోయింది. తండ్రి తెల్లాపూర్‌లో వాచ్‌మన్. ఇంట్లో ఎల్లమ్మకు మొక్కుతారు.

పుణ్యవతి గరిటెతోనే ముందుకొచ్చింది. "సారూ, మనం ఎవలం?"

"అదేం ప్రశ్నండీ? బాప్తిస్టులం."

"మరి వేరే చర్చిలోళ్ల లెక్క పసిపిల్లలకు మనమెందుకు నీళ్లు చల్లం? ఎవలకు వాళ్లకు ఎరుకొచ్చి అడిగితెనే కద నీళ్లల్ల దించేది. గిప్పుడు అన్నం జూపెట్టి దించుతరా?"

విజయరత్నం చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండిపోయింది. ఇంతలో ప్రవళిక తల వంచుకుని, "నేను తీసుకుంట సార్, బాప్తిస్మం. పుణ్యవతి పెద్దమ్మనేం అనకుండ్రి," అంది.

"దేవునికి స్తోత్రం," అన్నాడాయన మైకులో. జనం చప్పట్లు కొట్టారు.

సిగ్గులేని చప్పట్లు. ఆకలితో ఉన్న పిల్ల లొంగిపోతే కొట్టిన చప్పట్లు. పుణ్యవతికి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. అన్నం గంజు రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచి, కొన్నేళ్ల కిందట ఆ హాస్టల్ పిల్ల కళ్లు తిరిగి పడిపోయిన మెట్టు మీదే దించింది. పిల్లలంతా ఆమె వెనకే వచ్చారు.

"పుణ్యవతమ్మగారూ, అవి దేవుడి బియ్యమండీ," అన్నాడు విజయరత్నం గుమ్మంలోంచి.

"అందుకే బయటికి తెచ్చిన," అంది. ఆ మాట పక్కనున్న ప్రవళికకు తప్ప ఎవరికీ వినపడలేదు.

ప్రవళిక ప్లేటు చాపలేక నిలబడింది. పుణ్యవతి ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ప్లేటు నిండా వడ్డించింది.

"లోపల నువ్వన్న మాట నేనినలే బిడ్డా. దేవుడు గూడ ఇనలే. తిను."