ఏడున్నర నిమిషాలు వెనక

ముందే చెప్పేస్తున్నాను, నేను ఇరవై తొమ్మిదేళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పినదాన్ని. స్టాఫ్ రూములో ఎవరైనా దెయ్యం కబుర్లు మొదలుపెడితే, "దాని బరువెంత, వేగమెంత?" అని అడిగి నోరు మూయించేదాన్ని. పాపం, తర్వాత్తర్వాత నేను లేనప్పుడు చెప్పుకునేవాళ్లు. ఇప్పటికీ నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కాని ఒక ఆదివారం మధ్యాహ్నం సంగతి మాత్రం ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

సైన్సు చరిత్ర మీద పనిచేసే జాతీయ సంఘం ఒకటి ఉంది. ఆఫీసు ఢిల్లీలో. పేరు అనవసరం. తొంభైలలో దానికి విజయవాడలో ఒక శాఖ ఉండేది, ఆ శాఖకి నేను కార్యదర్శిని. గవర్నర్‌పేటలో ఒక నోటుపుస్తకాల హోల్‌సేల్ షాపు పైన మా గది. ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మీటింగు. పంచాంగం లెక్కలు ఎలా కట్టేవారు, ఆనకట్టకి సున్నం ఎలా కలిపారు, ఇలాంటి వాటి మీద ఎవరో ఒకరు పేపరు చదివేవారు. మిగతావాళ్లం విని, వాదించుకుని, టీ తాగి ఇళ్లకి పోయేవాళ్లం.

మినిట్స్ పుస్తకంలో రెండు గళ్లుండేవి. 'చదివినవారు', 'విన్నవారు'. చదివిన మనిషి కాక కనీసం ఒక్కరైనా వింటేనే ఆ పేపరు లెక్కలోకి వచ్చేది. అప్పుడే సంఘం బులెటిన్‌లో దాని గురించి నాలుగు ముక్కలు అచ్చు వేసేవారు. విన్నవాళ్లు లేకపోతే ఎంత గొప్ప పేపరైనా చదవనట్టే.

మొదట్లో పాతికమందిమి. పోనుపోను ఏడెనిమిదిమంది మిగిలాం. టీవీలో క్రికెట్ ఉంటే అదీ లేదు. నాకు మాత్రం ఆ గది కావాలి. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకూ అని అడిగితే చెప్పే ఓపిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మొగల్రాజపురంలో ఒక పోర్షన్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆదివారం వచ్చిందంటే ఇల్లు మీద పడేది. నెలకొక్క రోజైనా నాకోసం నలుగురు ఎదురుచూసే చోటు అదొక్కటే.

ఒక్క మీటింగు కూడా మానని మనిషి ఖాదర్ గారు. అదే వీధిలో బీరువా అంత కొట్టు పెట్టుకుని వాచీలు బాగుచేసేవారు. చదివింది పదో తరగతి. ఎవరో పాతసామానుకి వేసిన గోడగడియారం తెచ్చి, బాగుచేసి మా గదిలో తగిలించారు. వారానికోసారి కీ ఇవ్వాలి. ప్రతి శనివారం కింద షాపులో తాళం చెవి అడిగి తీసుకుని, పైకెళ్లి ఆయనే కీ ఇచ్చి వచ్చేవారు. గడియారం కీ మాత్రం ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే.

ఆ గడియారం ఎప్పుడు చూసినా ఏడెనిమిది నిమిషాలు వెనక నడిచేది. నాకు టైము తేడా వస్తే ఒళ్లు మండుతుంది. ప్రతి మీటింగుకీ కుర్చీ ఎక్కి, స్కేలుతో ముల్లు ముందుకి నెట్టేదాన్ని. మళ్లీ నెలకి మామూలే.

"ఊరందరి వాచీలూ బాగుచేస్తారు, మన గడియారం కుదరలేదా ఖాదర్ గారూ?" అని అందరి ముందూ అనేదాన్ని.

"గడియారం కరెక్టేనండీ మేడమ్ గారూ, మీ వాచీయే ఫాస్టు" అని నవ్వేవారాయన. "ఎందుకో నా పేపర్లో చెప్తానండీ."

ఆ పేపరు చదివే అవకాశం నేనివ్వలేదు. పాతరోజుల్లో బెజవాడలో టైము ఎలా చూసేవారన్నది ఆయన విషయం. ఏళ్ల తరబడి బందరు కాలువ లాకుల దగ్గరికెళ్లి ముసలివాళ్లని అడిగి రాసుకున్నారు. మేడ మీద మేకు పాతి ఏడాదంతా నీడ కొలిచారు. కాని మా అధ్యక్షులవారు, "వాచీలు బాగుచేసే ఆయన పేపరేంటమ్మా, ఢిల్లీలో నవ్విపోతారు" అన్నారు. నేను కిక్కురుమనలేదు. ఖాదర్ గారు అడిగినప్పుడల్లా ఏదో ఒక వంక. ఆధారాలు సరిగ్గా చూపించాలన్నాను, గుంటూరు నుంచి ప్రొఫెసరు గారొస్తున్నారన్నాను. ఏం చెప్పినా ఆయన, "పర్లేదండీ, టైము ఎక్కడికి పోద్ది?" అనేవారు. అది తల్చుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

ఒక ఫిబ్రవరిలో కొట్టులోనే గుండె ఆగిపోయి పోయారు.

వన్‌టౌన్‌లో వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య పేపరున్న నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నేను రాకూడదమ్మా, ఇద్దత్‌లో ఉన్నా. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. మీరు చదవండి. ఒక్కరన్నా వింటారుగా?"

"ఎందుకు వినరండీ, అందరూ వస్తారు" అన్నాను.

ఎనిమిదిమందికీ కార్డులు రాశాను. మార్చి రెండో ఆదివారం పావు తక్కువ మూడింటికల్లా వెళ్లి, నా దగ్గరుండే తాళం చెవితో గది తెరిచాను. కింద షాపుకి సెలవు. గడియారం పదకొండూ ఇరవై దగ్గర ఆగి ఉంది. ఆయన పోయాక కీ ఇచ్చినవాళ్లు లేరు కదా. అది చూడగానే నాకు ఏడుపొచ్చింది. కుర్చీలు తుడిచి వరసగా వేశాను.

మూడయింది. మూడుంపావయింది. ఒక్కరూ రాలేదు. మెట్ల మీద ఏ చప్పుడైనా లేచి చూశాను. అధ్యక్షులవారు కూడా రాలేదు. మూడున్నరకి తలుపు వేసి వెళ్లిపోదామని లేచాను. "ఒక్కరన్నా వింటారుగా?" అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాను. ఖాళీ కుర్చీలకి నమస్కారం పెట్టి చదవడం మొదలుపెట్టాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవారు. అనుకోనీ అనిపించింది.

పేపరు బాగుంది. అంత బాగుంటుందని నేననుకోలేదు. సగంలో కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. గది నిశ్శబ్దమయ్యాక టక్ టక్ మని వినపడింది. నా చేతివాచీ అనుకుని చదువుకుంటూ పోయాను. ఆఖరి పేజీలో ఇలా ఉంది:

'సూర్యుడు మన ఊరికి నడినెత్తిన ఉండేసరికి దేశం గడియారంలో పన్నెండు దాటి సగటున ఏడున్నర నిమిషాలు అవుతుంది. రైలు రాకముందు మన ఊరికి సొంత టైము ఉండేది. మన శాఖ గడియారం నేను ఆ టైముకే పెట్టాను. కార్యదర్శి మేడమ్ గారు దాన్ని నెలనెలా సరిచేస్తూ ఉంటారు. ఈ పేపరు విన్నాక మానేస్తారని నా నమ్మకం.'

నోటుపుస్తకం మూశాను. అప్పుడు తలెత్తి చూశాను.

గడియారం నడుస్తోంది. లోలకం ఊగుతోంది. పొద్దున రేడియో వార్తలప్పుడు సరిచేసుకున్న నా వాచీలో నాలుగూ పది. గోడ మీద నాలుగూ రెండు దాటి మూడుకి సగం దూరంలో ఉంది ముల్లు.

నేను పరుగెత్తలేదు, అరవలేదు. నెమ్మదిగా కూర్చున్నాను. భయం వేసిందా అంటే, లేదు. ఆ గదిలో నేనొక్కదాన్నే లేననిపించింది.

అక్కణ్ణించి తిన్నగా వన్‌టౌన్ వెళ్లి, గడియారం కీ ఎక్కడుందని ఆవిడని అడిగాను. ఆయన సామాన్ల రేకుపెట్టె తెచ్చి తెరిచింది. గుడ్డలో చుట్టి ఉంది కీ. ఆయన పోయిన రోజు చొక్కాలోంచి తీసి తనే చుట్టానంది. ఆవిడ గడప దాటలేదు, పెట్టె తాళం ఆవిడ కొంగునే ఉంది. మర్నాడు షాపులో అడిగితే, ఖాదర్ గారి తర్వాత పైకి వెళ్లినవాళ్లెవరూ లేరన్నారు. లారీ అదురుకి లోలకం కదలొచ్చు, ఒప్పుకుంటాను. కీ అయిపోయిన స్ప్రింగుతో అలా నడవదు. ఏ అదురూ ముళ్లని అక్కడికి తీసుకెళ్లి పెట్టదు.

రెండేళ్లకి శాఖ మూతబడింది. గడియారం ఇప్పుడు మా ఇంట్లో ఉంది, కీ కూడా ఆవిడే ఇచ్చింది. ప్రతి శనివారం కీ ఇస్తాను. ఏడున్నర నిమిషాలు వెనకే ఉంచుతాను. మళ్లీ ఎప్పుడూ అది వింతగా నడవలేదు. జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం సాయంత్రం నేను వాళ్లింటి నుంచి వచ్చేస్తుంటే ఆవిడ తలుపు దాకా వచ్చి, "ఎవరన్నా విన్నారామ్మా?" అని అడిగింది.

"విన్నారండీ" అన్నాను.

ఇంటికొచ్చి మినిట్స్ పుస్తకం తీశాను. 'చదివినవారు' గడిలో నా పేరు రాశాను. 'విన్నవారు' గడి దగ్గర చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, చివరికి 'ఒకరు' అని రాశాను. కాలేజీ ల్యాబులో పిల్లలెవరైనా రాని రీడింగు వచ్చినట్టు రాసుకొస్తే రికార్డు విసిరికొట్టేదాన్ని నేను. నా సర్వీసులో నేనూ ఏనాడూ అలా రాయలేదు. ఆ రోజు కూడా రాయలేదు.