రసాల బకెట్లో నా నత్తలు

మా ఇంట్లో సంవత్సరాలకు అంకెలుండవు. పూత మాడిపోయిన ఏడు, గాలివానకు కాయంతా రాలిన ఏడు, కోడలు నత్తలు పెంచిన ఏడు. మొదటి రెండూ దేవుడి పని. మూడోది పూర్తిగా నా ప్రతిభే. ఉల్లిపాయ తరిగిన కత్తిని కూడా వేరే గూట్లో పెట్టే మామిడి వ్యాపారుల ఇంట్లో నేనేం చేశానో వినండి. విన్నాక నన్ను తిట్టదలిస్తే వరసలో నిలబడండి, ముందు మా అత్తయ్య ఉంది.

కొత్త కాపురానికి బెజవాడ నుంచి నూజివీడు వస్తూ ఒక చేపల తొట్టె వెంట తెచ్చుకున్నాను. నెల తిరక్కుండా అడుగు ఇసుక పాచిపట్టింది. చేపల షాపతను, "నత్తలేసుకోండి మేడం. ఇసుకలో దూరి దున్నేస్తాయి, మురికంతా తినేస్తాయి. మీరు చెయ్యి పెట్టక్కర్లేదు" అన్నాడు. లవంగాలంత ఉన్నాయి, మొనదేలిన బుల్లి బుల్లి శంఖాల్లా. గుప్పెడు తెచ్చి వేశాను. తెల్లారేసరికి ఒక్కటీ కనబడలేదు! పాపం చచ్చిపోయాయని ఏడ్చి, ఇంకో గుప్పెడు తెచ్చాను. అవీ మాయం. మళ్ళీ తెచ్చాను.

"ఎందుకమ్మాయ్, చచ్చినవాటికి తోడు పంపుతున్నావా?" అంది అత్తయ్య.

ఒకరోజు సాయంత్రం కరెంటు పోయింది. చేపలెలా ఉన్నాయోనని ఫోన్ లైటు వేసి చూస్తే అద్దం కనబడలేదు. అద్దం నిండా నత్తలే! చచ్చిందని నేను ఏడ్చిన ప్రతి నత్తా అక్కడే ఉంది, పిల్లాపాపలతో సహా. పగలంతా ఇసుకలో పడుకుని చీకటి పడ్డాక షికారుకొస్తాయట. పైగా ఈ జాతిలో మగాడి అవసరమే లేదట, ఆడవే వాటంతటవి పిల్లల్ని కనేస్తాయట. ఆ షాపతను ఈ ముక్క చెప్పలేదు చూశారా!

అత్తయ్య కేకకు వీధిలో ఆటో ఆగింది. "రేపట్నుంచి ఇవి నా కంటికి కనిపించకూడదు!"

"పగలైతే కనిపించవత్తయ్యా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పొద్దున్నే తొట్టెలోని ఇసుకంతా మగ్గుతో తోడి నీలం బకెట్లో పోశాను. చస్తాయేమోనని జాలిపడి సగం దాకా మంచినీళ్ళు నింపి కుళాయి దగ్గర పెట్టాను. మధ్యాహ్నం షాపులో తిరిగి ఇచ్చేద్దామని నా ఆలోచన. నత్తలన్నీ బుద్ధిగా ఇసుకలోకి దూరిపోయాయి. పైన తేట నీళ్ళు, అడుగున కాస్త ఇసుక. మా బోరు నీళ్ళు పట్టిన ఏ బకెట్ చూసినా అలాగే ఉంటుంది.

ఆరోజే నాగపూర్ సేట్ గారు వచ్చారు. ఏటా మా సరుకులో ముప్పాతిక ఆయనే కొంటారు. ఆ ఏడు వేరే కొట్టువాళ్ళు కూడా ఆయన్ని పిలుస్తున్నారని తెలిసి మావయ్యగారికి రెండు రోజులుగా ముద్ద దిగడంలేదు. "రెడ్డిగూడెం తోట ఆయన తీసుకుంటే గట్టెక్కుతాం. లేదంటే ఈ సీజన్ పోయినట్టే" అంటున్నారు.

నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. అత్తయ్య రసాలు నానబెట్టడానికి పెరట్లోకెళ్ళి, నీళ్ళతో సిద్ధంగా ఉన్న బకెట్ చూసి సంతోషించి, నిండుగా పళ్ళు వేసేసింది. మా వైపు నీళ్ళలో నాననిదే పండు నోట పెట్టరు కదా. పళ్ళు కమ్మేసేసరికి బకెట్లో చీకటి పడింది. చీకటి పడితే నత్తలేం చేస్తాయో ఇందాకే చెప్పాను.

పులిహోర పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి, సేట్ గారి ముందు నీలం బకెట్!

"అత్తయ్యా, ఆ బకెట్..."

"శుభ్రంగానే ఉందిలే, చూశాను."

"తీసుకోండి సేట్ గారూ" అన్నారు మావయ్యగారు.

సేట్ గారు పై పండు తీసుకునే మనిషా? కాయల గుట్టలో పైవరస కంటికోసం పేరుస్తారని ఆయనకు తెలుసు. ఎక్కడైనా సరే, చెయ్యి అడుగుదాకా పోవాల్సిందే. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచారు.

"పైవే తీపండీ!" అని అరిచాను.

"అందరూ అదే చెప్తారు బేటీ" అని నవ్వుతూ, అడుగునుంచి ఒక రసం పైకి తీశారు. దానిమీద నాలుగు నత్తలు. ఒకటి తీరిగ్గా ఆయన ఉంగరం వైపు నడుస్తోంది.

"ఇదేంటి?" అన్నారాయన. ఆయన వెల్లుల్లి కూడా ముట్టరు.

"మందు కొట్టని తోటండీ!" అన్నాను. "మందు తగిలితే నత్త బతకదు కదండీ. అందుకని మా పళ్ళకి..."

"రెడ్డిగూడెంలో నత్తలు మామిడిచెట్టు ఎక్కుతాయా?"

"చిన్న చెట్లండీ."

మావయ్యగారు లేచి నిలబడ్డారు. "అబద్ధం సేట్ గారూ. తోటకి మందు కొడతాం. అవి మా కోడలు తొట్టెలో పెంచే నత్తలు. ఇందులోకెలా వచ్చాయో నాకు తెలీదు. తప్పు మాదే, క్షమించండి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత ఇసుక దొరికితే నేనూ దూరేదాన్నే. నా మూలంగా ఆ పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడటం చూసి ఏడుపొచ్చింది.

సేట్ గారు పండు వంక చూశారు, మావయ్యగారి వంక చూశారు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "జిందగీ అంతా గుట్టల అడుగున చెయ్యి పెట్టాను. కుళ్ళు కాయలు దొరికాయి, గడ్డి దొరికింది. అడుగున ఏముందో నిజం చెప్పే వ్యాపారి ఇవాళ దొరికాడు. తోట నాదే!"

వేరే బకెట్, వేరే పళ్ళు వచ్చాయి. వెళ్తూ వెళ్తూ ఆయన, "మా మనవరాలికీ చేపల తొట్టె ఉంది. ఇవి ఇసుక శుభ్రం చేస్తాయా?" అనడిగారు.

"మీరు చెయ్యి పెట్టక్కర్లేదండీ" అన్నాను, అచ్చం ఆ షాపతనిలాగే. నత్తలన్నీ ఏరి సీసాలో వేసిచ్చాను. అత్తయ్య ప్రాణం కుదుటపడి, "మా ఇంటి ఆడపిల్లలండీ అన్నయ్యగారూ, మీ ఇంట్లోనే ఉంచుకోండి" అంటూ సీసాకు బొట్టు కూడా పెట్టింది.

మరుసటి సీజన్‌కి సేట్ గారు ఎప్పటిలాగే మిఠాయి డబ్బాతో దిగారు. ఈసారి డబ్బా చాలా పెద్దది. అత్తయ్య రెండు చేతులా అందుకుని, "ఇంత బరువేంటండీ!" అంటూ మూత తీసింది. లోపల తడి ఇసుక.

"మీ ఆడపిల్లలే చెల్లెమ్మా" అన్నారు సేట్ గారు నమస్కారం పెట్టి. "పిల్లల్తో సహా పుట్టింటికి తీసుకొచ్చాను. మా ఇంట్లో ఇంక చోటు లేదు."

కాబట్టి పాఠకులారా, ఆ నీలం బకెట్ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక నత్త ముఖం చూడను. పగటిపూటైతే ఆ మాట నిలబెట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు.