అమ్మమ్మ చెవిలో చెప్పిన మాట

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా బడి నెలల తరబడి మూసే ఉంది. రాష్ట్రం రెండుగా విడిపోవాలని మా కోస్తా జిల్లాలన్నీ అట్టుడికిపోతున్న కాలం అది. పిల్లలం మొదట్లో సెలవులొచ్చాయని సంబరపడ్డాం. మా నాన్న బందరులో లెక్కల మాస్టారు కావడంతో ఆ సంబరం మా ఇంట్లో ఎక్కువ రోజులు నిలవలేదు. మిగతా ఉద్యోగులతోపాటు ఆయనా సమ్మెలో ఉన్నారు. జీతం లేదు. పొద్దున్నే చద్దన్నం తిని, ఉతికిన చొక్కా వేసుకుని, సమ్మె శిబిరానికి వెళ్లి సాయంత్రం దాకా కూర్చుని వచ్చేవారు. ఆయన అంతకుముందు దేనికీ గొంతు పెంచి ఎరగరు. ఆ రోజుల్లో మాత్రం అన్నం దగ్గర కూడా ఉపన్యాసం చెబుతున్నట్టే మాట్లాడేవారు.

మా అమ్మ అన్నయ్య హైదరాబాదులో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఇక్కడ మా నాన్న సమ్మెలో ఉంటే అక్కడ మావయ్య రోజూ ఆఫీసుకు వెళ్తున్నాడు. రాష్ట్రం కలిసే ఉండాలని ఆయన అభిప్రాయం. ఇద్దరి మధ్యా ఉత్తరాలు ఆగిపోయాయి. మా అమ్మ మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇద్దరి మీదా లోలోపల కోపం దాచుకుని తిరిగేది.

మా తాతయ్య ఘంటసాల దగ్గరి పల్లెలో ఉపదేశిగా పనిచేసి, అక్కడి చిన్న చర్చిలో ముప్పొద్దులా ప్రార్థనలు నడిపినవాడు. ఆయన పోయాక అమ్మమ్మ మా ఇంటికొచ్చి ఉంటోంది. తాతయ్య పోయి ఏడాదైన సందర్భంగా ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. రైళ్లు సరిగా నడవడం లేదు. మావయ్య ఏ బస్సు పడితే ఆ బస్సు, ఏ లారీ పడితే ఆ లారీ ఎక్కి, దుమ్ము కొట్టుకుపోయి వచ్చాడు. మా నాన్న గుమ్మంలో ఎదురై చేతిలో సంచీ అందుకున్నారు గానీ పలకరించలేదు.

కూడిక ప్రశాంతంగానే జరిగింది. పాస్టరుగారు ప్రార్థన ముగించి వెళ్లిపోయారు. అమ్మ విస్తళ్లు వేస్తోంది. మావయ్య నన్ను దగ్గరికి పిలిచి, ఏ పాఠం దాకా వచ్చారని అడిగాడు. బడే లేదు కదా మావయ్యా అన్నాను. ఆయన నా తల నిమిరి, పాపం పిల్లల చదువులు, అని నిట్టూర్చాడు. అంతే. ఆ ఒక్క నిట్టూర్పు మా నాన్నకు నిప్పంటించింది.

అక్కడ నెలనెలా జీతం తీసుకునేవాళ్లకు ఇక్కడి పిల్లల మీద జాలి ఎందుకని నాన్న అన్నారు. బస్సులు తగలబెట్టించి, బళ్లు మూయించి ఏం బావుకుంటారని మావయ్య అన్నాడు. మాట మీద మాట పెరిగింది. చివరికి మా నాన్న నోట 'ద్రోహి' అన్న మాట వచ్చింది. మావయ్య లేచి తన సంచీ తీసుకున్నాడు. ఈ ఇంట్లో ఇక మంచినీళ్లు కూడా ముట్టనన్నాడు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మావయ్య ఇక మా ఇంటికి రాకపోతే అమ్మమ్మ ఆయన్ను చూసేదెలా అని నాకు ఏడుపొచ్చింది.

వసారాలో నవారు మంచం మీద కూర్చున్న అమ్మమ్మ, "వెళ్దువుగానిలేరా పెద్దోడా. వెళ్లేముందు నీ బాధేంటో నాకు చెప్పి వెళ్లు" అంది. తన ఎడమ పక్కన పీట చూపించింది. నాన్నను కుడి పక్కన కుర్చీలో కూర్చోమంది. అత్తగారి మాట కాదనలేక ఆయన కూర్చున్నారు.

అమ్మమ్మకు ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడి చెవి మాత్రం బాగానే పనిచేసేది. వంటింట్లో నేను బెల్లం డబ్బా మూత తీస్తే వసారాలోంచి నా పేరు పెట్టి పిలిచేది. ఆ మధ్యాహ్నం మాత్రం మావయ్య చెప్పడం అయ్యేదాకా ఆగి, నాన్న వైపు తిరిగి, "వాడి మాట నాకు అందట్లేదు బాబూ. వాడేమన్నాడో కాస్త గట్టిగా చెప్పండి" అంది.

నాన్న ముఖం చిట్లించి, "ఏముందండీ, వాళ్ల జీతాలు వాళ్లకొస్తే చాలట, మనం ఏమైపోయినా పర్లేదట" అన్నారు.

"నేనన్నది అది కాదమ్మా" అన్నాడు మావయ్య.

"కాదంటున్నాడుగా. మళ్లీ అడిగి చెప్పండి" అంది అమ్మమ్మ, చాలా మామూలుగా.

నాన్న రెండోసారి కొంచెం తగ్గించి చెప్పారు. మావయ్య అదీ కాదన్నాడు. అమ్మ తలుపు పక్కన నిలబడి చూస్తోంది. మా నాన్న లెక్కల మాస్టారు. లెక్క తప్పిందంటే ఆయన ఊరుకోలేరు. మూడోసారి కుర్చీ ముందుకు జరుపుకుని, "సరే బావా, మొదట్నుంచీ చెప్పు" అన్నారు. ఆ రోజు ఆయన బావా అని పిలవడం అదే మొదలు.

మావయ్య మెల్లగా చెప్పాడు. నాన్న ఒక్కొక్క వాక్యమే అమ్మమ్మ చెవి దగ్గరకు వంగి చెబుతూ వచ్చారు. హైదరాబాదు వెళ్లిన కొత్తలో మావయ్యకు అక్కడ ఎవరూ తెలియదు. గది అద్దెకిచ్చిన ముసలాయన ఆ ప్రాంతం మనిషే. మావయ్యకు టైఫాయిడ్ వచ్చి మంచం పడితే ఆ ముసలాయనా, ఆయన భార్యా గంజి కాచి పోసి, రాత్రుళ్లు కూర్చుని బతికించారు. నాన్న ఇంతదాకా చెప్పి ఆగిపోయారు. ఆ జబ్బు సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తల్లి కంగారుపడుతుందని మావయ్య రాయలేదు. అది అమ్మమ్మకు మొదటిసారి చెబుతున్నది తానేనని నాన్నకు అప్పుడు స్ఫురించింది.

"ఆగారేం? చెప్పండి" అంది అమ్మమ్మ.

నాన్న ఇంకాస్త ముందుకు వంగారు. "ఆ మనుషుల్ని ఇవాళ పరాయివాళ్లనమంటే తనకు నోరు రావట్లేదంటున్నాడండీ. తన పిల్లలు పుట్టింది కూడా అక్కడే, విడిపోతే వాళ్లది ఏ ఊరని చెప్పాలి అంటున్నాడు" అన్నారు.

"అవును. నేనన్నది అదే" అన్నాడు మావయ్య.

మావయ్య చెప్పినప్పుడు కాదు, మా నాన్న చెప్పినప్పుడు అమ్మమ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పటిదాకా ఆవిడ నిజంగానే వినలేదో, విన్నా విననట్టుందో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆవిడ కుడి చెవి మావయ్య వైపు వచ్చేలా తిరిగి కూర్చుని, నాన్న మాట మావయ్యను చెప్పమంది. మావయ్యకు అంత కష్టం కాలేదు. మా చిన్నాన్న పరీక్ష రాసి హైదరాబాదులో ఉద్యోగం తెచ్చుకుంటే, అక్కడివాళ్లకే ఉద్యోగాలన్న రూలు చూపించి, స్థానికుడు కాదని వెనక్కి పంపేశారు. మంచి మార్కులు తెచ్చుకోండని తన దగ్గర చదివే పిల్లలకు ఏ మొహంతో చెప్పాలన్నదే నాన్న బాధ. మావయ్య అదంతా చెప్పి, "ఇది బావ చెప్పలేదు, నేను చెప్తున్నా. ఆ రూలు వల్లే నా ప్రమోషను కూడా ఆగిపోయిందమ్మా" అన్నాడు. నాన్న తలెత్తి ఆయన వైపు చూశారు. తన వాదానికి అంత బలమైన సాక్ష్యం ఎదుటివాడి దగ్గరే ఉందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"ఇందాకటి మాట నేను అనకుండా ఉండాల్సింది బావా" అన్నారు.

ఇద్దరిలో ఎవరూ మనసు మార్చుకోలేదు. చల్లారిన పప్పుచారు పోసుకుని పక్కపక్కనే కూర్చుని తింటూ కూడా వాదించుకున్నారు. కాకపోతే ఈసారి ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నమలడం ఆపి విన్నారు. మర్నాడు పొద్దున్న చెరుకు దించడానికి ఉయ్యూరు వెళ్తున్న లారీ ఒకటి కనబడితే, నాన్నే మావయ్యను సైకిలు మీద తీసుకెళ్లి ఎక్కించి వచ్చారు.

ఆ తర్వాత శిబిరంలో జరిగింది మా అమ్మ ఎన్నోసార్లు చెప్పేది. ఒకాయన మైకులో హైదరాబాదు ఉద్యోగులను నానా మాటలూ అంటుంటే మా నాన్న లేచి మైకు అడిగారట. గంజి కాచి పోసిన ముసలాయన దగ్గర్నుంచి మొదలుపెట్టి మావయ్య వాదమంతా చెప్పారట. నేను సమ్మె చివరిదాకా ఉంటాను, కానీ వాళ్ల మాట ఇది, దీనికి జవాబు చెప్పి తర్వాత తిట్టండి అన్నారట. కొందరు కూర్చోమని కేకలేశారు. తోటి మాస్టర్లు ఇద్దరు చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అన్నట్టే చివరిదాకా సమ్మెలోనే ఉన్నారు.

రాష్ట్రం అప్పుడు విడిపోలేదు. చాలా ఏళ్ల తర్వాత, ఈసారి హైదరాబాదు వైపు నుంచి ఉద్యమం కదిలి విడిపోయింది. అప్పటికి మా నాన్న లేరు. ఆ రోజు మావయ్య హైదరాబాదు నుంచి నాకు ఫోను చేసి, మీ నాన్న ఉంటే ఇలా అనేవాడని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడాడు. ఒక్క ముక్క పొల్లుపోలేదు. నాకు నాన్నే మాట్లాడుతున్నట్టు అనిపించింది.

నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరై ఇప్పుడు గుడివాడలో ఉంటున్నాను. చిన్నపిల్లలకు చదువు తెలుగులోనే చెప్పాలని నా నమ్మకం. మా పక్కింట్లో అద్దెకుండే అమ్మాయి పెడన నేతవారి ఇంటి పిల్ల, బ్యాంకులో పనిచేస్తుంది. తన కొడుకు మొదటి తరగతి నుంచే ఇంగ్లీషులో చదవాలంటుంది. మొన్న మేమిద్దరం మెట్ల మీద కూర్చుని ఇదే మాట్లాడుకున్నాం. నేను ముందు తన వాదమంతా నా నోటితో చెప్పాను: ఉద్యోగాలు, పోటీ పరీక్షలు, డబ్బున్నవాళ్ల పిల్లలకు దొరికేది మిగతావాళ్లకు ఎందుకు దొరకకూడదన్నది. ఆ అమ్మాయి అంతా విని, "అన్నీ చెప్పారు గానీ ఒకటి వదిలేశారండీ. మా అమ్మకి వొంట్లో బాలేక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, డాక్టర్లు మాకు అర్థం కాకూడదని మా ముందే ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఆ రోజు నా వయసు పన్నెండు" అంది.

తెలుగు మీద నా నమ్మకం ఇప్పటికీ పోలేదు. కానీ ఎవరితోనైనా వాదానికి దిగేముందు వాళ్ల మాట నా నోటితో చెప్పి, నేను ఇంకా వదిలేసిన ఆ ఒక్కటి ఏమిటో అడుగుతాను. అది చెప్పేదాకా ఎదురు చూస్తాను.