మామయ్యగారి అభ్యంతరం

మామయ్యగారికి అభ్యంతరం లేని విషయం ఈ భూమ్మీద లేదు. కాఫీ వేడిగా ఉంటే అభ్యంతరం, చల్లారితే మరీ అభ్యంతరం. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు హడలిపోయింది. ఇప్పుడు ఆయన నోరు తెరవకముందే, “అలాగే మామయ్యగారూ, రాసుకున్నాను” అనేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద గొడవ ఎండ గురించి. పొద్దున్నే మేడమీద వాలుకుర్చీలో ఎండకు కూర్చోవడం ఆయనకు ప్రాణం. పక్కింటాయన నీళ్ళ ట్యాంకు పెట్టించుకుంటే, దాని నీడ కుర్చీ కాలిని తాకిందని ఆ పెద్దమనిషిని నిద్రపోనివ్వలేదు. చివరికి ట్యాంకే జరిగింది.

మోకాళ్ళకు వ్యాయామం చేయించే నర్సునూ వదల్లేదు.

“మళ్ళీ ఆలస్యం! నాకు అభ్యంతరం.”

“రెండు బస్సులు మారి రావాలి కదండీ.”

“ఇక్కడే ఎక్కడైనా ఉండొచ్చుగా?”

“ఎక్కడండీ? ఒక్క గది ఖాళీ అయితే పదిమంది ఎగబడుతున్నారు. అద్దె వింటే నాకే నర్సు కావాలి! ఈ తిరుగుడు నా వల్ల కాదండీ, వచ్చే నెల నుంచి మానేస్తాను.”

ఆ పూట కాఫీ చల్లారినా మామయ్యగారు ఏమీ అనలేదు. కోడలు కంగారుపడి ఆయన నుదురు తాకి చూసింది.

ఇంతలో తూర్పువైపు ఖాళీ స్థలం యజమాని, చిన్న చిన్న అద్దె ఇళ్ళతో మూడంతస్తులు కడతానన్నాడు. వీధివాళ్ళు ఒప్పుకుంటేనే అనుమతి. వీధంతా గుండెలు బాదుకుంది. నీళ్ళు చాలవట, రద్దీ పెరుగుతుందట, ఎవరెవరో వచ్చేస్తారట. వీధి సంఘం అధ్యక్షుడు పరుగున వచ్చాడు.

“మీరుండగా మాకేం భయమండీ! సమావేశంలో లేచి ఒక్క మాట అనండి చాలు. పైగా మీ ఎండంతా పోతుంది!”

“అభ్యంతరం చెప్పకుండా ఊరుకుంటానా?” అన్నారు మామయ్యగారు. నర్సు గుర్తొచ్చి కోడలి మనసు చివుక్కుమంది. ఈ మనిషి ఇక మారడని నిట్టూర్చింది.

సమావేశంలో ఆయన చేతికర్ర పట్టుకుని లేచారు. “నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది.”

చప్పట్లు మోగిపోయాయి.

“మూడంతస్తులేమిటి, పిసినారితనం కాకపోతే! ఐదు కట్టమనండి.”

అధ్యక్షుడు నోరు వెళ్ళబెట్టాడు. “మరి మీ ఎండ?”

“ఆ ఎండంటేనే నాకు అభ్యంతరం. ఒళ్ళు మాడిపోతోంది! మనకు సేవ చేసే మనుషులు కావాలి, వాళ్ళకు ఇళ్ళు మాత్రం వద్దా? ఎవరైనా కాదంటే చెప్పండి, తెల్లవార్లూ వాదిస్తాను.”

ట్యాంకు జరపాల్సి వచ్చిన పక్కింటాయన అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. కోడలు పైటచెంగుతో నవ్వు దాచుకుంది.

ఆ కబురు విని నర్సు మానేయడం వాయిదా వేసుకుంది. ఇప్పుడు ఐదంతస్తులూ కట్టడం అయి, నిండిపోయాయి. నాలుగో అంతస్తు నుంచి నర్సు తీరిగ్గా చెప్పులీడ్చుకుంటూ, పొద్దున కాఫీ వేళకే వచ్చేస్తుంది. మేడమీద నీడలో శాలువా కప్పుకున్న మామయ్యగారు ముఖం చిట్లిస్తారు.

“ఇంత పెందలాడే వస్తే ఎలా? నాకు అభ్యంతరం.”

“అలాగే మామయ్యగారూ, రాసుకున్నాను” అంటూ కోడలు నర్సుకు కూడా కాఫీ పోస్తుంది.