తాళం వెనకాల ఇంగ్లీషు

మా చిన్నప్పుడు... మా ఇంగ్లీషు సారు ట్రైనింగ్ నుంచి వచ్చారంటే బడంతా పండగే. శంషాబాద్ పక్కన మా ఊరి మీదుగా అప్పటికింకా విమానాలు రావడం లేదు. ఓ రోజు ఎర్రబస్సు దిగి, చంకలో అట్టపెట్టెతో సారు నడిచొస్తుంటే మేమంతా ఎదురు పరుగెత్తాం. పెట్టె నిండా అట్టముక్కలు... ఒక్కోదాని మీద లావు అక్షరాలతో ఒక్కో ఇంగ్లీషు మాట. నున్నగా, కొత్త వాసన వేస్తూ... ఒక్కసారి ముట్టుకుంటే చాలనిపించింది.

ముట్టుకోనిస్తేగా!

"దూరం జరుగుండ్రి! మీ చేతులు జూస్కున్నరా? ఖరాబైతే రేపు పెద్ద సారొచ్చి అడుగుతడు, నేనేం జెప్పాలె?" అంటూ సారు ఆ పెట్టెను ఆకుపచ్చ ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి చొక్కా జేబులోకి పోయింది.

మళ్ళీ మాకు పాత చదువే. సారు ఒక వాక్యం అనడం, మేమంతా గొంతు చించుకుని అదే అనడం. పుస్తకంలో మా వేలు ఎక్కడుండేదో ఆ దేవుడికే తెలియాలి. పాఠమంతా నోటికి వచ్చేది... ఒక్క మాట చదవమంటే మాత్రం తెల్లమొహం.

కొన్నాళ్ళకు పై ఆఫీసు నుంచి పెద్ద సారు తనిఖీకి వస్తున్నారని బీరువా తెరుచుకుంది. ముందురోజంతా తయారీ... ఎవరు ఏ ముక్క పట్టుకోవాలో, లేచి ఏమనాలో. నా పక్కన కూర్చునే సుజాతకు 'మ్యాంగో', నాకు 'పాట్'. పాపం, సుజాత ఇంటికెళ్ళేదాకా "మ్యాంగో, మ్యాంగో" అనుకుంటూనే నడిచింది. తీరా పెద్ద సారు గుమ్మంలోకి వచ్చేసరికి మా సారు కంగారులో ముక్కలన్నీ కలగాపులగం చేసి పంచేశారు. సుజాత చేతికి నా ముక్క పోయింది. మూలన కాస్త మడత ఉండేది గనుక గుర్తుపట్టాను తప్ప, నాకు చదవడం వచ్చి కాదు.

సుజాత ధైర్యంగా లేచి, 'పాట్' ముక్కను గుండెలకానించి పట్టుకుని "మ్యాంగో!" అని అరిచింది.

పెద్ద సారు ఛాయ్ తాగుతూ "గుడ్, గుడ్" అన్నారు. మేమందరం చప్పట్లు కొట్టాం. ముక్కలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయాయి.

సుజాత పదో తరగతిలో ఇంగ్లీషు తప్పింది. మళ్ళీ రాసి మళ్ళీ తప్పింది. అంతటితో చదువు ఆగింది. నాకు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే మేనమామ ఉన్నాడు గనుక గట్టెక్కాను, టీచర్నయ్యాను. సుజాత ఇప్పుడు గగన్‌పహాడ్‌లో ఓ కంపెనీకి ప్యాకింగ్ పనికి పోతోంది. దాని కూతురు నవ్య నా దగ్గరే మూడో తరగతి.

నవ్య పాఠం గడగడా అప్పజెబుతుంది. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే... నేల చూపులు. అచ్చం వాళ్ళమ్మే.

"నా లెక్క గావొద్దే మంజులా... దానికన్న చదువుడు రావాలె," అని ఓ రోజు సుజాత నా చేయి పట్టుకుంది.

ఆ మాట మనసులో పెట్టుకునే ఈ మధ్య ట్రైనింగ్‌కు వెళ్ళాను. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లలకు ఇంగ్లీషు చదవడం, రాయడం ఎలా నేర్పాలన్నదే అసలు ట్రైనింగ్. ఇంకేం, జవాబు దొరికినట్టే అనుకున్నాను... నా పిచ్చి గానీ!

పొద్దున దీపం, శాలువాలు. ఆ తర్వాత చేతులూపుతూ పాట. ట్రైనింగ్ ఇచ్చే సారును నేను లేచి అడిగాను... "పాఠం కంఠతా వచ్చి, చదవడం రాని పిల్లకు ఎక్కడ మొదలుపెట్టాలి సార్?"

"చాలా మంచి ప్రశ్న మేడం. మధ్యాహ్నం చూద్దాం."

మధ్యాహ్నం గ్రూప్ ఫోటో. మళ్ళీ అడిగాను. ఆయన నోరు తెరిచేలోపు నెత్తి మీదుగా విమానం పోయింది. ఆ మోత తగ్గాక ఆయన ఇంకేదో మొదలుపెట్టారు. చివరికి మైకు పట్టుకుని, "పిల్లలతో గుంపుగా వల్లె వేయించకూడదు... అందరూ చెప్పండి!" అన్నారు. తల నెరిసిన టీచర్లతో సహా హాలంతా ఒక్క గొంతుతో "వల్లె వేయించకూడదు!" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

సాయంత్రం తలా ఒక పెట్టె చేతిలో పెట్టారు. తెరిచి చూస్తే... అట్టముక్కలు! ముందు వైపు మాట, వెనక వైపు బొమ్మ.

మర్నాడు మా హెడ్‌మాస్టరు గారు వాటిని చూసి మురిసిపోయారు. "మస్తున్నయి మేడం. బీరువాల వెట్టి తాళమెయ్యండి. పిల్లలు ఖరాబ్ జేస్తే మనమే జవాబు చెప్పాలె."

ఒళ్ళు మండిపోయింది. పొలాలు పోయాయి, విమానాలొచ్చాయి, మా ఊరు మాకే గుర్తుపట్టరాకుండా అయింది... ఈ బీరువా బుద్ధి ఒక్కటే మారలేదా!

"ఖరాబ్ చెయ్యనీకే ఇచ్చిన్రు సార్," అని పెట్టెను నేరుగా క్లాసుకు తీసుకుపోయాను. పాఠం పక్కన పెట్టేశాం. రోజూ ఆ ముక్కలతోనే ఆట... కలపడం, వెతకడం, అక్షరం అక్షరం పలుకుతూ పలక మీద రాయడం. ఇంటికి పోయేటప్పుడు తలా కొన్ని. హెడ్‌మాస్టరు గారు రోజూ గొణుగుతూనే ఉన్నారు, నేను రోజూ ఇస్తూనే ఉన్నాను.

నిన్న పొద్దున్నే, పనికి పోతూ పోతూ సుజాత బడికి వచ్చింది. చేతిలో పసుపు మరకలతో ఓ ముక్క.

"బువ్వ తినుకుంట ఆడింది, కూర వడ్డదే... సారు తిడ్తడా?" అంది, ఇప్పటికీ అదే భయంతో. అంతలోనే మొహం వెలిగింది. "నేనే అన్నీ అటిటు కలిపి ఇచ్చిన మంజులా... ఎనుక బొమ్మ నేను జూస్కుంట, ముందటి మాట అడిగిన. అయినా పిల్ల ఒక్కటి గూడ తప్పు చదువలే!"

ఆ మరకను చూస్తే నాకు ఎంత సంతోషమేసిందో, మా సుజాత గురించి అంత దుఃఖమూ వచ్చింది.

మీ బళ్ళో బీరువాల్లో ఏమేం దాచారో మీరూ చెప్పండి... మా ఆకుపచ్చ బీరువాలో ముక్కలు మాత్రం, ఎక్కడున్నాయో గానీ, ఇప్పటికీ కొత్తగానే ఉండి ఉంటాయి.