ఎడమ చుట్టు

కలిపేది ఏదైనా సరే, గ్లెనిస్ కుడిచుట్టుగానే కలుపుతుంది. కప్పులో టీ అయినా, డబ్బాలో రంగైనా, బడి వంటగదిలో పిల్లలకు కాచే కస్టర్డ్ అయినా. ఎండ ఎటు తిరిగితే గరిటె అటు తిరగాలి. చెయ్యి నొప్పి పుడితే గరిటెను రెండో చేతికి మార్చుకుంటుంది గాని వైపు మార్చదు.

"అటు తిప్పితే ఏమవుతుంది? పాలు విరుగుతాయా?" అని పక్కన ఆలుగడ్డల తొక్కు తీసే మావిస్ ఏడిపించేది.

"పాలు విరగవు. నా మనసు విరుగుతుంది."

మావిస్‌కు తెలుసు. టాడ్మర్డెన్‌లో అందరికీ తెలుసు, గ్లెనిస్ మంత్రగత్తె అని. లోయలో పత్తి మిల్లులు మూతపడ్డాక ఆ ఊళ్ళో ఎవరు ఏ దేవుణ్ణి పట్టుకున్నా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పైగా ఆమె చేసే యాపిల్ పై బాగుంటుంది.

మిల్లులో మగ్గం నడిపిన ఒక ముసలావిడ దగ్గర గ్లెనిస్ వయసులో ఉండగా దీక్ష తీసుకుంది. ముసలావిడ పోయాక, ఆవిడ దగ్గర దీక్ష తీసుకున్నవాళ్ళ గుంపు గ్లెనిస్ చేతికొచ్చింది. ఏడాదికి ఎనిమిది పండుగలు. ఊరికి పైన, రాయి తియ్యడం మానేసిన పాత క్వారీలో. ముందు నల్ల పిడి కత్తి చాచి చుట్టూ నడిచి వలయం కట్టాలి. తూర్పునూ దక్షిణాన్నీ పడమరనూ ఉత్తరాన్నీ పేరుపెట్టి పిలవాలి. దేవతను పిలవాలి. రొట్టె పంచుకోవాలి. పిలిచినవాళ్ళందరినీ మర్యాదగా సాగనంపాలి. వలయం ఎప్పుడూ కుడిచుట్టే. ఎడమచుట్టు తిరిగేది కట్టింది విప్పడానికి, పట్టింది వదిలించడానికి. ఆ మాటలన్నీ గ్లెనిస్‌కు ఊపిరి పీల్చినంత అలవాటు.

కిందటి సావిన్ నాడు చిక్కు వచ్చింది. అది చనిపోయినవాళ్ళకు పళ్ళెం పెట్టే పండుగ. అందరూ ఎప్పట్లాగే బాగుందన్నారు. ఎప్పట్లాగే దిగి ఇళ్ళకు పోయారు. గ్లెనిస్ ఇంట్లో గిన్నెలు కడుగుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. పడమరను తను పిలవలేదు.

చనిపోయినవాళ్ళు వచ్చేదే పడమర నుంచి.

ఊనాకు ఫోన్ చేసింది. ఊనాదీ ఆ గుంపే, సందు చివర జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది.

"ఊనా, ఇవాళ నేను పడమర పిలిచానా?"

"పిలిచే ఉంటావు. ఎప్పుడూ పిలుస్తావుగా."

డెజ్మండ్‌కు చేసింది. డెజ్మండ్ గుంపులో అందరికన్నా పాతవాడు. ముసలావిడ చెప్పిన ప్రతి మాటా పొల్లు పోకుండా గుర్తున్నది అతనికే.

"పిలిచావు. విన్నాను కదా."

గ్లెనిస్ ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చుంది. పిలవని మాట అతనికి వినబడింది. లేక పిలిచిన మాట తనకు గుర్తులేదా? రెండింటికీ ఒక్కలాగే భయం వేసింది. ఎవరికీ తేడా తెలియనప్పుడు ఇన్నాళ్ళూ ఆ కొండెక్కి చేస్తున్నది ఏమిటి?

తర్వాత అందరూ కలిసినప్పుడు చెప్పింది, ఇక నుంచి ఒక్కో పండుగ ఒక్కొక్కరు కూర్చాలని, ఎవరి మాటలు వాళ్ళే తెచ్చుకోవాలని.

డెజ్మండ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఉద్యోగం వదిలేదాకా బస్సు నడిపాను. రోజుకో దారిన నడిపితే జనం ఎక్కేవాళ్ళా?"

"నడిపేవాడు నిద్రపోతేనో?"

"నేను నిద్రపోలేదు."

"మరి పడమర?"

అతను టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

చలికాలపు పండుగ ఊనా కూర్చింది. ఒక్కో కోరికకు ఒక్కో రిబ్బను పట్టుకుని అందరూ గుండ్రంగా నిలబడాలంది. క్వారీలో గాలి లేచింది. రిబ్బన్లు మెడలకూ చేతులకూ చుట్టుకుని చివరకు ఊనా తన కత్తెరతోనే అందరినీ విడిపించాల్సి వచ్చింది. "దేవతక్కూడా ఓ కత్తెర ఇవ్వు, పాపం చిక్కుకుని ఉంటుంది," అన్నాడు డెజ్మండ్. ఆ రోజు అతను హాయిగా ఉన్నాడు. కొత్తది ఓడిపోయిందని.

తర్వాతది ఇంబోల్క్. చలికాలం నడుం విరిగే రోజు. మంచు కింద భూమి ఒళ్ళు విరుచుకుంటుందంటారు. అది ట్రూడీ వంతు.

ట్రూడీది న్యూజీలాండ్. పశువుల డాక్టరు దగ్గర పని. సూది వేసేటప్పుడు కుక్కల్ని కదలకుండా పట్టుకుంటుంది. గుంపులో చేరి మూడేళ్ళు కావస్తున్నా నోరు విప్పేది తక్కువ. ఆ సాయంత్రం క్వారీలో మాత్రం విప్పింది.

"మా అమ్మ ఇంటి దగ్గర ఇవాళ కోతల పండుగ. నడి ఎండాకాలం. ఇక్కడ మీరు చలి పోతోందంటారు. వచ్చినప్పటి నుంచీ ఈ రోజున నేను ఏ కాలంలో ఉన్నానో నాకు తెలియదు. అందుకే రాసి తెచ్చుకోలేదు. అందరం వెలిగించని కొవ్వొత్తులతో నా వెనక నడుద్దాం. నేను ఆగిన చోట ఎవరికి తోస్తే వాళ్ళు ఆ దిక్కును పిలవండి."

వెలుతురు తగ్గుతోంది. గడ్డి మీద మంచు గట్టిపడి కాళ్ళ కింద కరకరమంటోంది. ట్రూడీ నల్ల పిడి కత్తి ముందుకు చాచి తూర్పున నిలబడింది. ఎవరో తూర్పును పిలిచారు. ఆమె నడక మొదలుపెట్టింది.

ఎడమకు తిరిగింది.

గ్లెనిస్ నోరు తెరిచింది. వెనక డెజ్మండ్ టక్కున ఆగాడు, ఊనా వెళ్ళి అతని వీపుకు గుద్దుకుంది. "బస్టాపా ఇది?" అని గొణిగింది. ట్రూడీ వెనక్కి చూడలేదు. అందరూ కదిలారు. డెజ్మండ్ కూడా కదిలాడు, పెదాలు బిగించి.

దక్షిణం రావలసిన చోట ఉత్తరం వచ్చింది. గ్లెనిస్ కాళ్ళకు దారి తెలియలేదు. ఎన్నో ఏళ్ళు తిరిగిన నేలే, రాయి రాయీ తెలుసు. అయినా ప్రతి అడుగూ చూసుకుని వెయ్యాల్సి వచ్చింది. ట్రూడీ మళ్ళీ ఆగింది. ఎదురుగా కొండ అంచున కాస్త ఎరుపు మిగిలి ఉంది. పడమరే ఇది, ఈ వైపు నుంచి ఎలా వచ్చింది అనుకునేలోపు ఎవరో పడమరను పిలిచారు. పాత మాటలు కావు. "రండి, చలిగా ఉంది, లోపలికి రండి," అని.

ఆ గొంతు తనదేనని గ్లెనిస్‌కు కాసేపటికి తెలిసింది. ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చలికో మరి.

చుట్టు పూర్తయింది. ట్రూడీ ఇటు తిరిగి అందరి ముఖాలూ చూసింది. అప్పుడు తన పాదాల వైపు చూసుకుంది.

"అయ్యో," అంది. "మా వైపు సూర్యుడు తూర్పున లేచి ఉత్తరం మీదుగా పడమరకు, ఇటే తిరుగుతాడు. అమ్మ దగ్గర ఇలాగే కట్టేవాళ్ళం. ఇక్కడ ఎప్పుడూ మీ వెనక నడిచాను, తెలియలేదు. ముందు నడిచేసరికి కాళ్ళు వాటంతట అవే..."

డెజ్మండ్ అప్పటికే వలయం అంచు దాకా వెళ్ళాడు. ఒక కాలు ఎత్తాడు. మళ్ళీ దించాడు.

వలయం కట్టాక దాన్ని ఎవరూ ఊరికే దాటిపోకూడదు. పోవాలంటే కత్తితో గాలిలో తలుపు కోయాలి.

"గ్లెన్, ఇది వలయమేనా?"

"ఏమో, డెజ్మండ్."

"ఏమో అంటే? కాకపోతే నేను వెళ్ళిపోవచ్చు."

"వెళ్ళు మరి."

"అయితేనో?"

"అయితే దాటకూడదు."

అతను ఇంకోసారి కాలెత్తి దించాడు. కొండ మీద చీకటి పడుతోంది. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఊనా ఓర్చుకోలేకపోయింది. "శాస్త్రం తర్వాత చూసుకుందాం. నీకు ఒంటేలుకు వెళ్ళాలా? అయితే తొందరగా తేల్చుకో."

"నోర్ముయ్, ఊనా."

గాలికి గడ్డి కదిలింది. డెజ్మండ్ గొంతు తగ్గించి అన్నాడు. "తలుపు కొయ్యి, గ్లెన్."

ట్రూడీ కత్తి ఆమెకు అందించింది. తలుపు కోసేటప్పుడు కూడా వైపు ఉంటుంది. ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో గ్లెనిస్‌కు తెలియలేదు. పైనుంచి కిందకు తెర చీల్చినట్టు ఒక్క గీత గీసింది. డెజ్మండ్ భుజం పక్కకు తిప్పి, ఇరుకు సందులోంచి దూరినట్టు బయటికి వెళ్ళాడు. వెళ్ళి దూరంగా నిలబడ్డాడు గాని దిగిపోలేదు. అందరూ కొవ్వొత్తులు వెలిగించుకున్నారు.

కొండ దిగాక గ్లెనిస్ వంటింట్లో టీ తాగుతూ డెజ్మండ్ తేల్చి చెప్పాడు. "రేపు పొద్దున పైకి వెళ్ళి సరిగ్గా కట్టి, సరిగ్గా విప్పాలి. లేకపోతే నేనిక రాను. ఇవాళ ఎడమకు తిరిగి మనం ఉన్నదంతా విప్పుకున్నాం, ఇక ఏ పండుగా పండుగ కాదు."

"ఎండ వైపే కదా తిరగమన్నారు," అంది ట్రూడీ. "నేను తిరిగింది ఎండ వైపే, పెద్దాయనా."

"ఇక్కడి ఎండ కాదు."

"ఇక్కడి ఎండ ఎక్కడుందో చూపించు. వచ్చినప్పటి నుంచీ వెతుకుతున్నాను."

ఊనా టీ కప్పులోకి నవ్వింది. డెజ్మండ్ నవ్వలేదు. ట్రూడీ కూడా నవ్వడం లేదని గ్లెనిస్ అప్పుడు చూసింది. "మళ్ళీ కడితే కట్టండి," అంది ట్రూడీ కోటు వేసుకుంటూ. "నన్ను మాత్రం పిలవకండి. నా చేత్తో చేసింది కడిగేస్తుంటే చూడలేను."

తలుపు రెండుసార్లు మూసుకుంది. ఊనా మిగిలింది.

"ఎవరిది తప్పు?" అడిగింది గ్లెనిస్.

"నన్నడక్కు. నాకు రిబ్బన్లు కట్టడమే రాలేదు."

ముసలావిడ చేతిలో పెట్టిపోయిన గుంపు. డెజ్మండ్ పోతే పాత మాటలు తెలిసినవాళ్ళు ఉండరు. ట్రూడీ పోతే ఇంకెవరూ కొత్తగా రారు. తప్పు కట్టి ఉంటే విప్పాలి. కాని ఆ తప్పులోనే కదా పడమర నోటికొచ్చింది? అది దేవతా, తడబడ్డ కాళ్ళా? తడబడ్డ కాళ్ళకే అంత ఒళ్ళు జలదరిస్తే, ఇన్నేళ్ళ తడబడని నడక ఏమిటి? ఎంత ఆలోచించినా ఒక కొస దొరికితే రెండో కొస జారిపోయింది.

మర్నాడు ఆదివారం. గ్లెనిస్ డెజ్మండ్ ఇంటికి వెళ్ళింది. అతను బూట్లు వేసుకుని, వలయం ఊడ్చే చీపురు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"పద," అన్నాడు.

"పైకి వెళ్ళడానికి రాలేదు. వసంతం పండుగ నువ్వు కూర్చాలి. అది చెప్పడానికి వచ్చాను."

"నాకు కూర్చడం రాదు. ఉన్నదే చేస్తాను."

"ఉన్నదే చెయ్యి. కాని ఏ మాట వదిలేస్తే ఎవరికి తెలుస్తుందో చూసుకుంటూ చెయ్యి."

"నిన్నటిది?"

"దాన్ని ముట్టుకోను."

"తప్పుకదా అది, గ్లెన్! అసలు వలయమే కాదు."

"కాకపోతే తలుపెందుకు అడిగావు?"

డెజ్మండ్ వీధి వైపు చూశాడు. పాలవాడు పెట్టిపోయిన సీసాలు చూశాడు. "కాలు లేవలేదు," అన్నాడు. "ఎందుకు లేవలేదో తెలియదు."

"నాకూ తెలియదు."

అతను చీపురు గోడకు ఆనించాడు. "కొత్త మాట ఒక్కటుండదు. ముందే చెబుతున్నా."

"సరే."

"ఆ పిల్ల వస్తుందా?"

"ఏమో. అడగాలి."

గ్లెనిస్ మెట్లు దిగి ట్రూడీ ఉండే వీధి వైపు నడిచింది. ఏం చెప్పాలో అప్పటికీ తెలియలేదు. దారి ఎక్కువ లేదని కాస్త మెల్లగా నడిచింది.